గద్దకీ వేరుకీ మధ్య

రేవత గీస్తున్న పటం ఎంతకీ పూర్తి కావడం లేదు.

కొండ కింది ఊరి బడి కోసం గీస్తున్న పటం అది. వానలు మొదలైన కొత్తలో ఒక ఆదివారం, బడి పంతులమ్మ వరహాలమ్మ గారు మంచం దుప్పటంత తెల్లటి గుడ్డ ఒకటి, సంచీ నిండా రంగు డబ్బాలు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"మా పిల్లలకి కిరణజన్య సంయోగక్రియ అని పలకడానికే నోరు తిరగడం లేదండీ," అన్నారు ఆవిడ రొప్పుతూ. "ఇంక అర్థం ఏం చెప్పను? ఆకు తన అన్నం తనే ఎలా వండుకుంటుందో, ఆ అన్నం ఎవరెవరి కడుపులో పడి మళ్ళీ చెట్టుకే ఎలా చేరుతుందో, ఒక్క బొమ్మలో చూపించి పెట్టండి. వచ్చే సోమవారం కాక పై సోమవారం కొత్త గది తెరుస్తున్నాం. ఎదురుగోడకి అదే కడతాం."

రేవత ఒకప్పుడు సైన్సు మాస్టారని ఆవిడకి తెలుసు. అంతకుమించి అతని సంగతి ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

రేవత ఉంటున్న బౌద్ధ విహారం పెద్ద కట్టడమేమీ కాదు. జీడిమామిడి తోటల మధ్య చిన్న కొండ. కొండ మీద రెండు పెంకుటిళ్ళు, బుద్ధుడి బొమ్మ ఉన్న ఒక మందిరం, ఒక వంటపాక. ఉండేది ఇద్దరే. ఎనభై దాటిన నందక భిక్షువు ఒకరు. భిక్షువుల్ని భంతే అని పిలవడం మర్యాద కాబట్టి ఊరంతా ఆయన్ని పెద్ద భంతే అనేది. రెండోవాడు ఆయన శిష్యుడు రేవత. యాభై దగ్గర పడిన మనిషి. కాషాయం కట్టాడు గానీ ఇంకా పూర్తి భిక్షువు కాలేదు.

కాషాయం కట్టకముందు అతను జోగారావు మాస్టారు. రెండేళ్ళ కిందట చేతిలో చిన్న సంచితో కొండెక్కి వచ్చి, ఇక్కడ ఉండనిస్తారా అని అడిగాడు. ఎందుకొచ్చావని పెద్ద భంతే అడగలేదు. అతనూ చెప్పలేదు.

*

పటం పని మొదట్లో చకచకా సాగింది.

వసారాలో గుడ్డకి గంజి పట్టించి ఆరబెట్టి, నాలుగు మూలలా మేకులు కొట్టి బిగించాడు. పైన సూర్యుడు. మధ్యలో చెట్టు. చెట్టుకున్న ఆకుల్లో ఒక్కదాన్ని విస్తరంత పెద్దది చేసి పక్కన వేశాడు. దాని అడుగున సన్నటి నోళ్ళలా పత్రరంధ్రాలు. వాటిలోకి గాలి వెళ్ళడానికి బూడిదరంగు బాణాలు, బయటికి వచ్చే మంచిగాలికి నీలిరంగు బాణాలు. వేళ్ళ నుంచి కొమ్మల దాకా నీళ్ళు ఎక్కే దారి. ఆ ఆకు కొస కొరుకుతున్న మిడత. మిడత వెనక కప్ప, కప్ప వెనక పాము, పాముని కాళ్ళతో పట్టుకుని లేస్తున్న గద్ద.

చుట్టు తిరిగి వస్తున్న బాణాలు గద్ద దాకా వచ్చి ఆగిపోయాయి.

గద్దకీ చెట్టు వేరుకీ మధ్య, ఎడమవైపు కింద, మూరెడు గుడ్డ తెల్లగా మిగిలింది. అక్కడ మట్టి వెయ్యాలి. చచ్చిన గద్ద, రాలిన ఆకు, అన్నీ మట్టిలోకి దిగే బాణం వెయ్యాలి. ఆ మట్టిలోంచి వేరుకి ఇంకో బాణం. అంతే పని. పూటలో అయిపోయేది.

రేవత ముదురు గోధుమరంగు కలిపాడు. కుంచె ముంచాడు. గుడ్డ దగ్గరికి తీసుకెళ్ళాడు. కాసేపు అలాగే ఉండి, కుంచె కడిగేసి, పెద్ద ఆకులో ఇంకో నాలుగు ఈనెలు గీశాడు.

మర్నాడూ అదే. ఆ మర్నాడు గద్ద ఈకల మీద ఈకలు దిద్దాడు. పాము పొలుసులు ఒక్కొక్కటే వేశాడు. వారం తిరిగేసరికి ఆ ఆకులో ఈనె గీయడానికి చోటు లేదు. మూరెడు గుడ్డ మాత్రం మొదటిరోజు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగానే ఉంది.

పెద్ద భంతే రోజూ కర్ర పట్టుకుని వసారాలోకి వచ్చి, పటం ముందు కాసేపు నిలబడేవారు.

"ఇక్కడ ఇంకా గుడ్డే ఉంది," అన్నారు ఒకరోజు.

"రంగు కుదరడం లేదు భంతే."

ఆయన తల ఊపి వెళ్ళిపోయారు.

*

గది తెరవడానికి మూడు రోజులు ఉందనగా, శుక్రవారం సాయంత్రం వరహాలమ్మ గారు పటం చూడటానికి వచ్చారు. తోడుగా నూకరత్నం అనే పిల్లని తీసుకొచ్చారు. ఐదో తరగతి. నూనె రాసి బిగించిన జడలు, బొత్తాం ఊడిన గౌను. వానలో తడిసిన కాళ్ళు గడప బయటే తుడుచుకుని, పటం ముందుకి వెళ్ళి నోరు తెరుచుకుని చూసింది.

సూర్యుడి దగ్గర వేలు పెట్టింది. ఆకు మీదికి జరిపింది. మిడత, కప్ప, పాము, గద్ద. గద్ద దగ్గర వేలు ఆగిపోయింది. తెల్లగుడ్డ మీద అటూ ఇటూ వెతికింది.

"బంతేగారూ," అంది. "మరి ఈ గద్ద సచ్చిపోనాక ఎక్కడికెల్తాది?"

రేవత కుంచె అందుకుని నీళ్ళలో ముంచాడు.

"ఎక్కడికీ ఎల్లదా? ఇక్కడే ఉండిపోద్దా?"

"ఇది చావుల పటం కాదు," అన్నాడు రేవత. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "ఉన్నది చూడు. లేనిదాని గురించి అడక్కు."

పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుంది. పంతులమ్మ కొంగు వెనక్కి వెళ్ళి నిలబడింది.

వరహాలమ్మ గారు బాగుందండీ అన్నారు, చాలా కష్టపడ్డారండీ అన్నారు. నూకరత్నాన్ని మెట్ల దగ్గర ఆగమని, తను ఒక్కత్తే వెనక్కి వచ్చారు.

"ఏమీ అనుకోకండి. దాని నాన్న ఈ వేసవిలోనే పోయాడు. తాటిచెట్టు మీంచి పడ్డాడు. అప్పట్నుంచీ ఏది కనబడితే దాన్ని అలాగే అడుగుతోంది. కోడి చచ్చినా అడుగుతుంది, చీమ చచ్చినా అడుగుతుంది. మాకెవరికీ చెప్పడం రావడం లేదు. మీరైతే చెబుతారేమో అని నేనే తీసుకొచ్చాను."

ఆవిడ వెళ్ళిపోయాక రేవత చాలాసేపు వసారాలోనే నిలబడ్డాడు. కింద మెట్ల మీద గొడుగు ఒకటి చిన్నదై చిన్నదై తోటల్లో కలిసిపోయింది.

*

పెద్ద భంతే గుమ్మంలో కూర్చుని చిరిగిన చీవరానికి, అంటే ఒంటికి చుట్టుకునే కాషాయానికి, మాసిక వేసుకుంటున్నారు. చూపు ఆనక సూది రెండు వేళ్ళతో తడిమి తడిమి కుడుతున్నారు. రేవత వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"భంతే, ఆ పటం నా వల్ల కాదు. ఇంకెవరి చేతనైనా పూర్తి చేయించండి."

"చెయ్యి నొప్పా?"

"కాదు."

ఆయన సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టారు. రేవత నేలవైపు చూస్తూ చెప్పాడు.

"నాకొక కూతురు ఉండేది. విమల. తల్లి పురిట్లోనే పోతే నేనే పెంచాను. ఏడో తరగతిలో ఉండగా జ్వరం వచ్చింది. మూడు రోజులు. అంతే. చిన్నపిల్ల కదా, దహనం వద్దన్నారు పెద్దలు. ఊరవతల పాతిపెట్టారు. మొదటి పిడికెడు మట్టి నన్నే వెయ్యమన్నారు."

పెంకుల మీంచి వాన చుక్కలు చుక్కలుగా పడుతోంది.

"ఆ మట్టి చాలా చల్లగా ఉంది భంతే. ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పాను. చచ్చినవి మట్టిలో కలుస్తాయి, మట్టి చెట్టుకి తిండి పెడుతుంది అని బోర్డు మీద బాణం గీసేవాణ్ణి. పిల్లలు రాసుకునేవాళ్ళు. మార్కులు వేసేవాణ్ణి. ఇప్పుడు కుంచె అక్కడికి తీసుకెళ్తే చెయ్యి ఆ చలికి బిగుసుకుపోతోంది. ఆ బాణం గీస్తే, విమలని మళ్ళీ ఒకసారి నా చేత్తో అందులో పెట్టినట్టే ఉంటుంది."

ఆగి, ఇంకొక మాట అన్నాడు.

"ఇవాళ తండ్రి లేని పిల్లని కసిరాను."

పెద్ద భంతే కర్ర దగ్గరికి లాక్కున్నారు. మసక వెలుతుర్లో ఆయన ముఖం సరిగ్గా కనిపించడం లేదు. తన తల మీద చెయ్యి వేస్తారేమో అనుకున్నాడు రేవత. అనిత్యం గురించి ఒక సూత్రం చెబుతారేమో అనుకున్నాడు.

"రేపు పొద్దున్నే వంటపాక వెనక్కి రా," అన్నారాయన. "ఎరువు గుంట తిరగెయ్యాలి. నా చేతులు ఇదివరకులా లేవు."

రేవత నమస్కరించి లేచాడు. రెండేళ్ళు ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. దానికి దొరికింది ఒక పని. గదిలోకి వెళ్ళి దీపం ఆర్పి చాప మీద పడుకున్నాడు.

*

తెల్లారేసరికి వాన తెరిపి ఇచ్చింది.

ఎరువు గుంట మీద తాటాకుల కప్పు ఉంది. విహారంలో ఊడ్చిన ప్రతి ఆకూ అందులోకే పోతుంది. బుద్ధుడి ముందు వాడిపోయిన పువ్వులు, బియ్యం కడిగిన నీళ్ళు, కూర తొక్కలు, కింద నుంచి ఎవరో తెచ్చి ఇచ్చే పేడ తట్టలు. పోయిన నెల మందిరం మెట్ల మీద చచ్చి పడి ఉన్న గోరింక పిట్టని కూడా పెద్ద భంతే చేత్తో తీసుకొచ్చి అందులోనే పెట్టారు.

రేవత కాషాయం పైకి దోపుకుని పార పట్టాడు. పెద్ద భంతే పక్కన రాయి మీద కూర్చున్నారు.

పైపొర ఎండుటాకు. పారతో పక్కకి లాగాడు. దాని కింద నల్లబడ్డ ఆకు. ఇంకా కిందికి దించి ఒక పెళ్ళ ఎత్తాడు. గుంటలోంచి సన్నగా పొగలాంటిది లేచింది. అతను పట్టించుకోలేదు. కోపంగానే తవ్వుతున్నాడు. ఇంకో పెళ్ళ. ఇంకొకటి. గోరింకని పెట్టిన చోటికి వచ్చేసరికి పార నెమ్మదించింది. అక్కడ చిన్న ఈకలు రెండు తప్ప ఏమీ లేవు. ఈకలకి అంటుకుని ఒక వానపాము కదులుతోంది.

"పార పక్కన పెట్టు," అన్నారు పెద్ద భంతే. "చెయ్యి పెట్టు."

"భంతే?"

"లోపలికి. మోచెయ్యి దాకా."

రేవత కదల్లేదు. నల్లటి ఆ గుంట వైపు చూస్తూ నిలబడ్డాడు. కుడిచెయ్యి దానంతట అదే ముడుచుకుపోయింది.

ముసలాయన కర్ర ఊతంగా రాయి మీంచి లేచారు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కిందికి వంగి, గుంట అంచున చతికిలబడి, తన చెయ్యి లోపలికి దూర్చారు. రెండో చేత్తో రేవత మణికట్టు పట్టుకున్నారు. ఆ పట్టులో బలం లేదు. విడిపించుకోవాలంటే చిటికెలో విడిపించుకోవచ్చు. అతను గురువు పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆయన చెయ్యి తీసుకెళ్ళిన చోటికి తన చెయ్యి వెళ్ళనిచ్చాడు.

ఒక్కసారి ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్నాడు.

మళ్ళీ పెట్టాడు.

"వెచ్చగా ఉంది," అన్నాడు.

"ఎవరూ నిప్పు పెట్టలేదే. రాత్రంతా వాన. ఈ వేడి ఎక్కడిది?"

అడిగినవాడు గురువు. జవాబు చెప్పింది మాత్రం ఇరవై రెండేళ్ళ అలవాటు.

"ఆకు దాచుకున్నది భంతే. ఎండ పడినప్పుడు ఆకు ఆ శక్తిని పిండిపదార్థంగా మార్చి తనలో దాచుకుంటుంది. ఆకుని తిన్నవాటిలోకీ అదే వెళ్తుంది. చచ్చి మట్టిలో పడ్డాక కంటికి కనిపించని సూక్ష్మజీవులు దాని ముడి విప్పుతాయి. అప్పుడు ఆ దాచుకున్న ఎండ..."

"ఊఁ," అన్నారు పెద్ద భంతే. "అప్పుడు?"

రేవత చెయ్యి మాత్రం తీయలేదు. వేళ్ళు ఇంకా లోపలికి, ఇంకా లోపలికి వెళ్ళాయి. అతని తల నెమ్మదిగా ముందుకి వాలి, నుదురు గుంట అంచుకి ఆనింది. వీపు కదులుతోంది.

పెద్ద భంతే తన చెయ్యి బయటికి తీసి, అంటుకున్న ఆకు ముక్కల్ని దులపకుండానే కర్ర అందుకుని లేచారు. వంటపాక చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, రేవత చెయ్యవలసిన వాకిలి ఊడ్చే పని ఆ పూట తనే మొదలుపెట్టారు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ ఊడ్చారు.

*

శనివారం మధ్యాహ్నం రేవత మళ్ళీ రంగు కలిపాడు.

గోధుమరంగులో కొంచెం నలుపు వేశాడు. చూశాడు. సూర్యుడికి వాడిన పసుపు డబ్బాలో అడుగున కాస్త మిగిలి ఉంటే దాన్నీ గీరి అందులో వేశాడు. మట్టి వేశాడు. మట్టిలో సగం ఆకు వేశాడు, ఈక వేశాడు, వానపాముల్ని వేశాడు. గద్ద దగ్గర్నుంచి కిందికి గీసిన బాణం వంకరపోయింది. ఆ వంకర అలాగే ఉంది. దిద్దలేదు. మట్టిలోంచి వేరుకి వెళ్ళే బాణం మాత్రం తిన్నగా వచ్చింది.

పని అయ్యాక పెద్ద భంతే వచ్చి నిలబడ్డారు. వంకర బాణం మీద ఆయన చూపు కాసేపు ఆగింది.

"ఆరనియ్యి," అని వెళ్ళిపోయారు.

*

సోమవారం కొత్త గదిలో సున్నం వాసన ఇంకా పోలేదు. పటాన్ని ఎదురుగోడకి కట్టారు. ఇరవై మంది పిల్లలు చాపల మీద కూర్చుని తలలెత్తి చూశారు. వరహాలమ్మ గారు బెత్తంతో ఒక్కొక్క బాణమే చూపిస్తుంటే, ఎండ, నీళ్ళు, గాలి అని అందరూ ఒక్క గొంతుతో అరిచారు.

నూకరత్నం చివరి వరసలో కూర్చుంది. మట్టి దగ్గరికి బెత్తం వచ్చినప్పుడు తల వంచుకుంది.

రేవత గోడ దగ్గర్నుంచి కదిలి, చాపల మధ్యలోంచి నడిచి వెళ్ళి, ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, మొన్న నువ్వొకటి అడిగావు. నేను చెప్పకపోగా కసిరాను. తప్పు నాది."

పిల్ల అతని ముఖంలోకి చూసింది. తర్వాత పంతులమ్మ వైపు చూసింది.

"నువ్వడిగింది నోటితో చెప్పడం నాకింకా సరిగ్గా రాదు," అన్నాడు రేవత. "కొండ మీదికి వస్తావా? చూపిస్తాను."

నూకరత్నం ఒక్కతే వెళ్తుందంటే మిగతావాళ్ళు ఊరుకోలేదు. మధ్యాహ్నం అన్నాలు కాగానే అందరూ బయలుదేరారు. వరహాలమ్మ గారు వెనకాల రొప్పుతూ వచ్చారు. పెద్ద భంతే వంటపాక వెనక రాయి మీద కూర్చుని ఉన్నారు. పిల్లల్ని చూసి కాళ్ళు దగ్గరికి తీసుకుని దారి ఇచ్చారు.

రేవత తాటాకు కప్పు పక్కకి జరిపి, పైపొర తీశాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పెట్టారు. అమ్మో అన్నారు, కాలుతోందన్నారు. ఒకడు ముక్కు మూసుకున్నాడు. ఒకత్తె కిలకిల నవ్వి పారిపోయింది. చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గర తోపులాట మొదలైంది.

నూకరత్నం ఆఖరున వచ్చింది. గుంట పక్కన కూర్చుని, గౌను చెయ్యి పైకి లాక్కుని, మెల్లగా లోపలికి పెట్టింది. నవ్వలేదు. అమ్మో అనలేదు. కదలకుండా ఉండిపోయింది. ఏదో వింటున్నట్టు తల పక్కకి వాల్చింది.

"బంతేగారూ," అంది చాలా నెమ్మదిగా. "లోన ఎవులో ఉన్నట్టుంది."

అలా కాదమ్మా అని వరహాలమ్మ గారు చెప్పబోయారు. పెద్ద భంతే వద్దన్నట్టు చెయ్యెత్తారు.

రేవత ఆ పిల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కాషాయం చెంగు భుజం మీదికి వేసుకుని, తన చెయ్యి కూడా లోపలికి పెట్టాడు.